ఊయల పాటకు జవాబు

శుక్రవారం పొద్దున్నే బతూల్ కుస్కుస్ రవ్వకు నూనె పట్టించి ఆవిరికి పెడుతోంది. కూతురు వియామ్ పక్కనే కూర్చుని గుమ్మడికాయ తరుగుతోంది. అత్తగారు జుహూర్, అందరూ గౌరవంగా లల్లా అని పిలిచే మనిషి, ముంగిట్లో ఎండ పడే చోట పీట వేసుకుని పుదీనా ఆకులు తుంచుతోంది. ఫెజ్ నగరపు పాత ఊళ్ళో ఆ ఇంట ప్రతి శుక్రవారం ఇదే వరస. నమాజు తరవాత భోజనం, భోజనం తరవాత కవిత్వం.

కవిత్వం మగవాళ్ళకు లెండి. ఇంటాయన ముఫద్దల్ హైస్కూల్లో అరబ్బీ సాహిత్యం చెప్పి రిటైరైన మనిషి. ఒక వారం ఎడారి తెగల కవులు, ఒక వారం పారశీకులు, ఇంకో వారం అనువాదంలో చీనా కవులు. చదువుతూ చదువుతూ కళ్ళు తుడుచుకుంటాడు. వెయ్యేళ్ళ కిందట గుడారంతో సహా తరలిపోయిన పిల్ల కోసం ఏడవగలడు గానీ, వంటింట్లో చెయ్యి కాలి పెళ్ళాం కేకేస్తే మాత్రం "నెమ్మది బతూల్, ఇక్కడ పద్యం నడుస్తోంది" అంటాడు. అలాంటి రసికుడు.

ఫోను మోగింది. వియామ్ చెయ్యి తుడుచుకుని తీసింది. అవతల ప్రొఫెసర్ సక్కాత్. తండ్రికి పాత స్నేహితుడు, యూనివర్సిటీలో ఆమె పరిశోధనకు గైడు కూడా ఆయనే.

"మధ్యాహ్నం భోజనానికి వస్తున్నానని మీ నాన్నకు చెప్పమ్మా. అన్నట్టు, నీ అంశం మార్చుకుని మంచి పని చేశావు. ఆస్థాన కవుల స్తుతి పద్యాలంటే ఎవరూ వంక పెట్టలేరు. కాగితాలు పైకి పంపేశాను."

"నేను మార్చుకోవడమేమిటి సార్?"

"అదేమిటి? నీ తరఫున మీ నాన్నే వచ్చి చెప్పి వెళ్ళాడే."

వియామ్ ఫోను పెట్టేసింది. తను ఎంచుకున్న అంశం వేరు. ఫెజ్ ఆడవాళ్ళు వసంతంలో తోటల్లో ఊయలలెక్కి పాడుకున్న పొట్టి పాటలు. వాటి పక్కన జపాను అంతఃపురపు స్త్రీల పద్యాలు, నీళ్ళకెళ్ళే పఠాను ఆడవాళ్ళ రెండు పాదాల పాటలు, సముద్రం అవతలి పాత అరబ్బు రాజ్యం అందలూసు రాణివాసపు పద్యాలు పెట్టి చదవాలని ఆమె కోరిక. ఊయల పాటలు చాలామటుకు నానమ్మ ఇచ్చినవే. మొదట్లో నానమ్మ సిగ్గుపడి నోరు విప్పలేదు. తరవాత తరవాత, మనవరాలు మరిచిపోయినా తనే పిలిచి, "ఇదిగో, ఇంకొకటి గుర్తొచ్చింది, రాసుకో" అనేది.

"అమ్మా, నీకు తెలుసా ఈ సంగతి?"

బతూల్ ఆవిరి కుండ వైపే చూస్తూ అంది. "తెలుసు. చెప్పొద్దన్నారు. గొడవ చెయ్యకే, ఇంటికి మనిషి వస్తున్నాడు."

"ఆ మనిషి ముందే తేలాలి. నా చదువును నాకు తెలియకుండా మార్చేసి, పైగా నేను మార్చుకున్నానని చెబుతారా? ఇదెక్కడి న్యాయం?"

ముంగిట్లోంచి లల్లా జుహూర్ పిలిచింది. "ఏమిటే ఆ గొంతు?"

వియామ్ వెళ్ళి అంతా చెప్పింది. ముసలావిడ వింటూ వింటూ ఆకులతో పాటు కాడలు కూడా గిన్నెలో పడేసింది. చివరికి ఒక్కటే అడిగింది.

"నా పాటలు వద్దనడానికి నన్నడిగాడా వాడు?"

"నన్నే అడగలేదు నానమ్మా, నిన్నేం అడుగుతారు?"

ఆవిడ కాడలు ఏరి బయటపడేసి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ముఫద్దల్ మసీదు నుంచి స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద పళ్ళెం చుట్టూ చేరి అందరూ తిన్నారు. వియామ్ తన వైపు ఉన్న కుస్కుస్‌ను వేళ్ళతో ముద్ద చేసి, అక్కడే చిదిపి, మళ్ళీ ముద్ద చేసింది. తండ్రి గమనించలేదు. గమనించినా జ్వరమనుకునేవాడు.

చేతులు కడుక్కుని ముఫద్దల్ దిండుకానుకుని కూర్చున్నాడు. ఆ వారం అందలూసు వంతు. ఒక రాకుమార్తె తన ప్రియుడికి పంపిన పద్యం కళ్ళు మూసుకుని చదివాడు.

"తోట తలుపు తీసే ఉంచాను
దారి అడిగితే చెప్పను
గాలిని తోడు తెచ్చుకో
దీపం నేనై ఉంటాను."

"ఎంత ధైర్యం చూడు సక్కాత్. ఆ కాలంలో, అంత కట్టుబాట్ల మధ్య" అంటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాన్నా, ఆవిడకు కొడుకులు లేరా?" అంది వియామ్.

"ఏమిటే ఆ ప్రశ్న?"

"ఉండి ఉంటే, అందులోనూ మీలాంటి కొడుకే ఉంటే, ఈ పద్యం మన దాకా వచ్చేదా అని."

ముఫద్దల్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. సంగతి బయటపడిందని అర్థమైంది. "తరవాత మాట్లాడుకుందాం."

"ఇప్పుడే మాట్లాడదాం. సార్ కూడా ఉన్నారు. నా అంశం మార్చమని నేను మీతో చెప్పానా?"

ప్రొఫెసర్ ఇబ్బందిగా కదిలాడు. "అమ్మాయికి తెలియదని నువ్వు నాతో అనలేదే, ముఫద్దల్."

"తెలియాల్సినదేముంది? తండ్రిని, దాని మంచి చెడు నాకు తెలియదా?" ముఫద్దల్ గొంతు పెరిగింది. "అవి కూనిరాగాలు. ఊయలూగుతూ ఆడంగులు పాడుకున్న కబుర్లు. సరే, కవిత్వమనే అనుకుందాం. మా అమ్మ వయసులో ఉన్నప్పుడు దేనికో బెంగపెట్టుకుని పాడింది. దాన్ని ఆమె పేరుతో సహా అచ్చువేసి ఊళ్ళో కుర్రకారు చేతిలో పెట్టాలా? వాళ్ళు చదివి నవ్వుకోవాలా? నా తల్లి పరువు నాకు ముఖ్యం."

"రాకుమార్తె బెంగపడితే కవిత్వం, నానమ్మ బెంగపడితే పరువు తక్కువా?"

"ఆవిడ కాలం వేరు."

"అదే నేననేది. వెయ్యేళ్ళు పాతబడితేగానీ ఆడదాని మాట మీ చెవికెక్కదు. నానమ్మ పోయి వెయ్యేళ్ళయ్యాక ఎవరో తవ్వి తీస్తే, అప్పుడు మీలాంటివాళ్ళు దిండుకానుకుని చదివి ఏడుస్తారు. బతికుండగా మాత్రం టీ పట్టుకురమ్మంటారు."

"నోరు మూయి."

బతూల్ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెను పక్కకు జరిపి లల్లా జుహూర్ టీ పళ్ళెంతో లోపలికి వచ్చింది. పళ్ళెం కిందపెట్టి, ఏనాడూ లేనిది, మగవాళ్ళ పరుపు మీద ప్రొఫెసర్ పక్కనే కూర్చుంది. ముఫద్దల్ లేవబోయాడు.

"కూర్చో. అతిథితో మాట్లాడుతున్నాను." ఆవిడ ప్రొఫెసర్ వైపు తిరిగింది. "మా తోటలో ఒక పద్ధతి ఉండేది బాబూ. ఊయలెక్కినది తన గోడు పాడేది. ఎవరి మీద గోడో వాళ్ళు ఊయల ఆగేలోగా జవాబు చెప్పాలి, అదీ పాటలోనే. చెప్పలేకపోతే తప్పు ఒప్పుకున్నట్టు. మా అత్తకు పాడాను, జవాబు చెప్పింది. తోడికోడలికి పాడాను, అదీ చెప్పింది, నాకంటే బాగా. ఒక్క పాటకు మాత్రం జవాబు రాలేదు. చెప్పాల్సినవాడు మగపిల్లాడు, ఆడవాళ్ళ తోటలోకి రాడు. ఇవాళ ఎదురుగా ఉన్నాడు గనక పాడతాను."

గొంతు ముసలిదైనా రాగం తప్పలేదు.

"నా ఒడిలో పలుకు నేర్చిన చిలక
పెద్దల కొలువుకు ఎగిరిపోయింది
ఎవరు నేర్పారు నీకని అడిగితే
ఎవరూ లేరని తల ఊపింది."

ఆ చిలక ఎవరో ముఫద్దల్‌కు తెలుసు. ఆ కొలువు ఈ గదిలోనే జరిగింది. అప్పుడతను చిన్న పిల్లాడు. తండ్రి పిలిచిన పండితుల ముందు నిలబడి పద్యాల మీద పద్యాలు ఒప్పజెప్పాడు. పెద్ద పండితుడు మెచ్చుకుని, ఎవరు నేర్పారని అడిగాడు. మేడ మీది జాలీ కిటికీ వెనక అమ్మ ఉందని అతనికి తెలుసు. రాత చేతకాని అమ్మ దగ్గర ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నానంటే వీళ్ళంతా నవ్వుతారనీ తెలుసు. "ఎవరూ నేర్పలేదండీ, నాకే వచ్చాయి" అన్నాడు. అందరూ భళా అన్నారు. ఆ మాటనే నమ్ముకుని ఇన్నాళ్ళూ బతికాడు.

"విన్నావా అమ్మా?"

"కిటికీ వెనకే ఉన్నాను. నీ కోసం చేసిన బాదం కజ్జికాయలు చేతిలో పట్టుకుని." లల్లా జుహూర్ తలగుడ్డ కొసతో మూతి తుడుచుకుంది. "అప్పుడు పసివాడివి, పోనీలే అనుకున్నాను. ఇప్పుడేమొచ్చిందిరా నీకు? ఇది నా పేరు చెప్తానంటే దీని నోరూ నొక్కావు. పైగా నా పరువు కోసమట. నా పరువు నాది. నన్నడిగావా?"

"తప్పయిందమ్మా."

"పాటలో చెప్పు."

వేల పద్యాలు నోటికి వచ్చిన మనిషి నోరు తెరిచాడు, మూశాడు. ఏ దేశపు కవీ, ఏ కాలపు కవీ సాయానికి రాలేదు. ఎవరి పద్యమో తెచ్చి ఇక్కడ పెడితే చెల్లదని అతనికీ తెలుసు. ఎదురుగా ముసలి తల్లి కదలకుండా చూస్తోంది. కన్నీళ్ళు గడ్డంలోకి జారుతుంటే, చిన్నపిల్లాడిలా తడబడుతూ మొదలుపెట్టాడు.

"కొలువు మెప్పుకు కక్కుర్తిపడి
పలుకునిచ్చిన ఒడిని మరిచాను
ఇవాళ అదే కొలువులో నిలిచి
నేర్పింది మా అమ్మేనని చెబుతున్నాను."

బతూల్ గుమ్మానికి తలానించి ఏడుస్తోంది.

"చివరి పాదం సాగిపోయింది" అంది లల్లా జుహూర్. అంటూనే చెయ్యి చాచి కొడుకు తల దగ్గరకు లాక్కుంది. ఆ జుట్టు నెరిసిన మనిషి తల్లి ఒళ్ళో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పొద్దుటి నుంచీ పళ్ళ బిగువున ఆపుకున్న వియామ్‌కు కూడా ఇక ఏడుపు ఆగలేదు.

కాసేపటికి ముఫద్దల్ కళ్ళు తుడుచుకుని అన్నాడు. "సక్కాత్, ఆ కాగితాలు వెనక్కి తెప్పించు."

"తెప్పిస్తాను. కానీ నువ్వడిగితే కాదు, అమ్మాయి అడిగితే. ఒకసారి నీ మాట విని ఈమెకు అన్యాయం చేశాను."

"అడుగుతున్నాను సార్" అంది వియామ్. తరవాత తండ్రి వైపు తిరిగింది. "నా కోపం ఇంకా పోలేదు నాన్నా."

"తెలుసమ్మా. ఉండాలి కూడా."

ప్రొఫెసర్ గొంతు సర్దుకుని అడిగాడు. "లల్లా, మీ పాటల కింద పేరు ఎలా వెయ్యమంటారు? ముఫద్దల్ గారి తల్లి అని..."

"ఆ మాట వద్దు. జుహూర్ అని వెయ్యండి, చాలు." ఆవిడ గ్లాసుల్లో టీ పొయ్యడం మొదలుపెట్టి, కొడుకు గ్లాసు ముందుగా నింపింది. "జుహూర్ కొడుకునని కావాలంటే వాణ్ణి రాసుకోమనండి."