ఆరో గదిలో ఆగిన కడ్డీ

మా అన్నయ్య కాల్చిన రివాల్వర్‌ని వదిన నా బల్ల మీద పెట్టేసరికి బయట వాన పట్టుకుంది. షట్టర్ సగం దించి లైటు వేశాను. కొట్టంతా నూనె, తడి ఇనుము వాసన. తుపాకులు బాగుచేయడం నా పని. అన్నయ్యది గార్డు ఉద్యోగం. గురి సాధనలో ఈ రివాల్వర్ పక్కనుంచి సీసం ముక్క చిమ్మి తోటి గార్డు కన్ను పోయింది. తుపాకీదే లోపమన్నాడు అన్నయ్య. వేళాకోళానికి తన మొహం పక్కన పెట్టి పేల్చాడన్నాడు కన్ను పోయినవాడు. అన్నయ్య మాట ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం పోయింది, పరువు పోయింది, కిందటి నెల మనిషే పోయాడు.

“ఇది కంపెనీవాళ్లే ఇచ్చి పంపారు. నీ పని మీద వాళ్లకి నమ్మకం. నువ్వు చూసి చెబితే ఒప్పుకుంటామన్నారు,” అంది వదిన. “పిల్లల్ని బళ్లో కన్ను తీసినోడి పిల్లలంటున్నారు. మీ అన్నయ్య అబద్ధమాడే మనిషి కాదు.”

ఆ మాట వదిన ఒక్కతే అనగలదు. చిన్నప్పుడు ఆయన చేసిన వెధవ పనులకి వీపు విమానం మోత మోగింది నాది.

సిలిండర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాను. అది తిరిగేటప్పుడు గుండ్లు పెట్టే ఆరు గదుల్లో ప్రతిదీ బ్యారెల్‌కి సూటిగా వచ్చి నిలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా గుండు అంచుకి రాసుకుని సీసం పక్కకి చిమ్ముతుంది. హ్యామర్ ఎత్తి, సిలిండర్ బిగిసి నిలిచాక, బ్యారెల్ మూతిలోంచి సన్నటి ఇత్తడి కడ్డీ దించాను. మొదటి గదిలోకి సాఫీగా జారింది. రెండోదీ అంతే. ఆరూ అంతే.

లోపం లేదు. అన్నయ్య అబద్ధమాడాడు. చచ్చేదాకా అబద్ధమే ఆడాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏమైంది?” వదిన గుసగుసగా అడిగింది.

ఆమె మొహం చూడలేక ఆరో గదిలోకే మళ్లీ కడ్డీ దించాను. ఆగింది...

సిలిండర్ కదిలింది. వెంట్రుకవాసి. నా చెయ్యి దాని మీద లేదు. సరిచేయబోయాను. రాలేదు... అటువైపు నుంచి ఎవరో పట్టుకున్నట్టు. ఇనుము వెచ్చబడింది. కాలిన మందు వాసన... ఎన్నాళ్లుగానో పేలని తుపాకీలోంచి.

“వదులన్నయ్యా,” అన్నాను, పెదవులు కదపకుండా.

పట్టు ఇంకా బిగిసింది.

“ఆగింది! నేను చూశాను!” వదిన ఏడుస్తోంది. “చెప్పు... తుపాకీదే తప్పని చెప్పు.”

“తుపాకీదే, వదినా.”

సిలిండర్ వదులైంది. బతికున్నప్పటిలాగే, తన పని కాగానే వదిలేశాడు. పిల్లలకి చెప్పాలంటూ వదిన వానలోనే వెళ్లిపోయింది.

సిలిండర్ పక్కకి తీసి, బ్యారెల్ తుడుద్దామని కడ్డీ దించాను. రెండు వైపులా తెరిచిన ఖాళీ గొట్టం. మధ్యలో ఆగింది... కనుగుడ్డుకి తగిలినట్టు, మెత్తగా.

కొంచెం నొక్కాను.

లోపలినుంచి ఎవరో సన్నగా మూలిగారు. అది అన్నయ్య గొంతు కాదు.