సింగారి లేచే వేళ

"తొట్టిలో జీవం లేదు. సాయంత్రం ఇసుక మారుస్తాను" అని మధ్యాహ్నం భోజనాల వేళ జలపాలిక ప్రకటించింది. ఇంట్లో చేపల తొట్టిని కనిపెట్టుకుని ఉండే యంత్రం అది.

యామిని అన్నం కలుపుతూ ఆగి, ఎదురుగా కూర్చున్న ఇందుజ మణికట్టు వైపు చూసింది. ఆ పిల్ల చేతి మనోసూచి పట్టీ నీలంగా వెలుగుతోంది. నీలమంటే దుఃఖం. వెంటనే ఇల్లు దీపాలు తగ్గించి, సన్నగా వీణ వినిపించింది.

విశాఖలో ఇప్పుడు మనోసూచి లేని చెయ్యి లేదు. మనసులో ఉన్నది మణికట్టు మీద రంగై కనిపిస్తుంది. తగిన ఓదార్పు ఇల్లే చూసుకుంటుంది. ఏమైందని ఒకరినొకరు అడిగే పని లేకుండా పోయింది. తనకు కోపం వచ్చిందో లేదో తెలియాలన్నా యామిని ముందు మణికట్టే చూసుకునేది.

తల్లి పోయాక అమ్మమ్మ దగ్గరున్న ఇందుజను తండ్రి పైడిరాజు ఈమధ్యే తెచ్చి, రెండో భార్య యామినికి అప్పగించి ఓడ ఎక్కాడు. పిల్లతోపాటు తల్లి పెంచిన రాస్ జాతి సముద్రపు చేప సింగారి కూడా వచ్చింది. ఆకుపచ్చ ఒళ్లు, బుగ్గల మీద కుంచెతో దిద్దినట్టు నారింజ గీతలు, పసుపు తోక. దాని కోసం యామిని ముందుగదిలో పగడాల తొట్టి కట్టించింది. వదిలిన క్షణమే అది ఇసుకలోకి దూరింది. మళ్లీ కనపడలేదు.

ఆ చేప పోతే ఈ పిల్ల తనకు ఎప్పటికీ దగ్గర కాదని యామినికి తోచింది. చెయ్యి కడుక్కుని తొట్టి దగ్గరికి వెళ్లింది. ఇసుక మార్చవద్దంటే జలపాలిక కారణం అడిగింది. అదే రంగుల చేప ఇంకొకటి రేపటికి వస్తుందని కూడా చెప్పింది. యామిని దగ్గర కారణం లేదు. వెనకే వచ్చి నిలబడ్డ ఇందుజ వైపు తిరిగింది. ఈసారి చేతి వైపు చూడలేదు.

"ఏం చెయ్యమంటావే?"

పిల్ల తొట్టిలో ఇసుక వైపు వేలు చూపింది.

"అది చచ్చిపోలేదు. అమ్మ లేచినప్పుడే లేస్తాది."

తరవాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. తల్లిది హార్బరులో రాత్రి డ్యూటీ. పగలంతా తెరలు దించుకుని నిద్రపోయేది. పొద్దుగూకే వేళ లేచి తొట్టి దీపం వేసేది. డ్యూటీకి వెళ్లేలోగా తల్లీ కూతురూ దానికి మేత వేసేవారు. తరవాత అమ్మమ్మ ఇంట్లోనూ ఇందుజ అదే వేళకు దీపం వేసేది. ఇసుకలో దూరి నిద్రపోయే సింగారికి అదే తెల్లవారడం. ఇక్కడ సరిగ్గా ఆ వేళకే జలపాలిక దీపం ఆర్పేస్తోంది.

"ముందే చెప్పకూడదటే?"

"ఎవరూ అడగలేదు కదా. చెయ్యి చూసీసి ఊరుకునేవోరు."

యామిని తొట్టి వైపు తిరిగింది. ఇసుక జోలికి పోవద్దని, దీపం ఆర్పవద్దని జలపాలికకు గట్టిగా చెప్పింది.

పొద్దువాలాక ఇద్దరూ తొట్టి ముందు నేల మీద కూర్చున్నారు. కిటికీలో సముద్రం నల్లబడింది. ఒక మూల ఇసుక కదిలింది. ముందు రెండు కళ్లు, తరవాత నారింజ బుగ్గలు. ఒళ్లు దులుపుకుంటూ సింగారి నీళ్లలోకి లేచింది.

ఇందుజకు అమ్మ గుర్తొచ్చింది. మణికట్టు నీలమయింది. ఇల్లు వీణ అందుకుంది. గదిలో దీపాలతోపాటు తొట్టి దీపమూ తగ్గసాగింది. సింగారి ఆగి, తల ఇసుక వైపు తిప్పింది.

యామిని పిల్ల చేతి మనోసూచి గబుక్కున తీసేసింది. తనదీ తీసింది. చర్మానికి తగలకపోతే అది ఏదీ చదవలేదు. వీణ ఆగింది. తొట్టి మళ్లీ వెలిగింది. సింగారి ఒక పగడం చుట్టూ తిరిగి, అద్దం దగ్గరికొచ్చి ఇద్దరినీ చూసింది.

కాసేపటికి ఇందుజ అడిగింది. "నువ్వు భయపడ్డావా పిన్నీ?"

యామిని అలవాటు కొద్దీ మణికట్టు చూసుకుంది. అక్కడ పట్టీ నొక్కిన తెల్లటి చార తప్ప ఏమీ లేదు. తానే వెతుక్కోవాల్సి వచ్చింది.

"భయపడ్డాను."

"సింగారి చచ్చిపోయిందనా?"

"అందుకు కాదు. నువ్వు నాకు దూరమైపోతావేమోనని" అని యామిని పిల్లను దగ్గరికి లాక్కుంది.