అత్త అనని మాట

తూనీగ వేలు అక్షరాల అట్ట మీద కిందికి జారుతోంది. మొదటి వరస. రెండో వరస. మూడో వరస దగ్గర అత్త కళ్ళు పైకి లేచాయి. అంటే ఆ వరసే. ఇక అడ్డంగా ఒక్కో అక్షరం చూపించాలి. మళ్ళీ కళ్ళు లేచాయి. అక్షరం దొరికింది. ఇప్పుడు దానికి గుణింతం వెతకాలి.

బయట పిల్లలు బంతాట ఆడుతున్నారు.

అత్త అంటే నాన్న చెల్లెలు. పుట్టినప్పటి నుంచీ ఆమె చేతులూ నోరూ ఆమె చెప్పినట్టు వినవు. అయినా ఆమె రాస్తుంది. కళ్ళతో రాస్తుంది. ఇన్నాళ్ళూ నానమ్మ అట్ట పట్టుకునేది. మొన్నటి వానల్లో నానమ్మ చనిపోయింది. అత్త ఇప్పుడు రాస్తున్నది నానమ్మ గురించే. సాయంత్రం లైబ్రరీలో అందరి ముందూ తూనీగ దాన్ని చదవాలి.

"'అమ్మ ఒకరోజు' దాకా వచ్చింది," అంది తూనీగ. "ఒకరోజు ఏమైంది అత్తా? కొంచెం తొందరగా చెప్పవా?"

తొందరగా ఎలా చెప్తుంది? అత్త మెడ వాలిపోయింది. నాన్న వచ్చి ఆమెను పడుకోబెట్టాడు.

"లేచాక మిగతాది రాయండి," అన్నాడు.

కిటికీలోంచి పక్కింటి పిల్ల తల పెట్టింది. "ఏయ్ తూనీగా, వస్తావా? నీ బదులు గోడని ఆడించుకోమంటావా?"

తూనీగ కాగితం వైపు చూసింది. ఒక్క వాక్యమేగా మిగిలింది. నానమ్మ ఎంత మంచిదో తనకు తెలియదా ఏంటి? 'అమ్మ ఒకరోజు' అన్నదాన్ని 'అమ్మ ఒక్కరోజైనా నన్ను విసుక్కోలేదు' అని దిద్దింది. కింద 'మా అమ్మ దేవత' అని చేర్చింది. చెప్పులు వేసుకుని పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి అత్త తయారై చక్రాల కుర్చీలో ఉంది.

"రాయడం అయిపోయిందా?" అని నాన్న అడిగాడు.

"అయిపోయింది," అంది తూనీగ, మొహం కడుక్కుంటూ.

అత్త గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. దాహమేమో అనుకుని నాన్న నీళ్ళు పట్టాడు. అట్ట మాత్రం ఎవరూ తియ్యలేదు.

లైబ్రరీ హాలు నిండిపోయింది. తూనీగ కాగితం పట్టుకుని చదివింది. నానమ్మ అన్నం తినిపించడం, పాత సినిమా పాటలు తప్పుగా పాడడం, అట్ట ఒళ్ళో పెట్టుకునే కునుకు తియ్యడం. జనం నవ్వారు. చివరి వాక్యాలకి ముక్కులు చీదారు. చప్పట్లు కొట్టారు.

"ఆ ముగింపు ఉందే, గుండె పిండేసింది," అంది లైబ్రరీ మేడం.

అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది. రెప్పలు ముడతలు పడేంత గట్టిగా.

"చూడండి పాపం, సంతోషం పట్టలేకపోతోంది," అన్నారెవరో.

సంతోషమట. అలా కళ్ళు బిగించిందంటే 'కాదు' అని. హాలు నిండా చదువుకున్నవాళ్ళే. ఆ ఒక్క మాట చదవడం మాత్రం ఎవరికీ రాలేదు. తూనీగకి వచ్చు.

చప్పట్లు ఆగేదాకా నిలబడింది.

"చివరిది అత్త రాయలేదు," అంది. "నేను రాశాను."

"పోనీలేమ్మా, బాగానే రాశావుగా," అంది మేడం.

"బాగుంటే ఏంటండీ? అది అత్త చెప్పింది కాదు. అత్త ఇంకేదో చెప్పబోయింది. నేనే ఆగకుండా ఆటకి పోయాను."

కుర్చీ వెనక తగిలించిన సంచిలోంచి అట్ట తీసింది. అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "చెప్పు అత్తా," అంది.

అత్త చాలాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచాక తూనీగ వైపు చూడలేదు. అట్ట వైపు చూసింది.

మొదటి వరస. రెండో వరస.

ఒక అక్షరం. ఇంకో అక్షరం. జనం గడియారాలు చూసుకున్నారు.

"ఇలా అయితే తెల్లారిపోతుంది," అని ఒక పెద్దాయన గొణిగాడు.

"మా ఇంట్లో రోజూ ఇలాగే తెల్లారుతుందండీ," అన్నాడు నాన్న. "మీకు పనుంటే వెళ్ళండి."

వెళ్ళారు. కుర్చీలు బరబరా జరిగాయి. ముక్కు చీదినవాళ్ళు కూడా వెళ్ళారు. చివరికి మేడం ఒక్కతే తాళాలు పట్టుకుని మిగిలింది.

మాటలు వచ్చాయి. తూనీగ వాటిని కలిపి పైకి చదివింది.

"అమ్మ ఒకరోజు అట్ట విసిరికొట్టింది. నీతో నావల్ల కాదు, నువ్వు పుట్టకపోయినా బాగుండేది అంది."

నాన్న కిటికీ వైపు తిరిగాడు. మేడం చేతిలో తాళాలు కదలలేదు.

తూనీగకి ఏడుపొచ్చింది. 'తర్వాత నానమ్మే వచ్చి నిన్ను దగ్గరికి తీసుకుంది కదా అత్తా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తీసుకుందేమో. తీసుకోలేదేమో. అది తూనీగకి తెలియదు.

ఆ మాట మింగేసింది. కళ్ళు తుడుచుకుని, వేలు మళ్ళీ మొదటి వరస మీద పెట్టి, అత్త కళ్ళలోకి చూస్తూ కూర్చుంది.