దూప లేని పంతులు

జానమ్మతో నా మొదటి గొడవ ముంతెడు మంచినీళ్ల దగ్గర వచ్చింది. తప్పు నాదే. ఇప్పుడు ఇంత తేలికగా ఒప్పుకుంటున్నాను గానీ, అప్పట్లో ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పోలీసు యాక్షన్ అయిన ఏడాది అది. ఆత్మకూరుకు నాలుగు మైళ్ల దూరంలో మా ఊరు. నేను అక్కడి మిషను బడిలో పంతులును. పేరు ఏలియా. పాలమూరు వెళ్లి ఏడో తరగతి పాసైన మాలవాడ పిల్లగాడు మా చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఆ సంగతి నేను మరిచిపోయిన రోజు కూడా ఒక్కటి లేదు.

మా చర్చిలో కుడివైపు మాలవాడ వాళ్లు కూర్చునేవారు, ఎడమవైపు మాదిగవాడ వాళ్లు. ప్రభు భోజన సంస్కారం ఇచ్చే రోజు ద్రాక్షారసం గిన్నెలు కూడా రెండు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తీసేద్దామని అన్నవాళ్లూ లేరు.

ఒక్క రజాకార్ల కాలంలో మాత్రం, ఎండాకాలం నుంచి నాలుగు నెలలు, రెండు వాడలూ ఆ చర్చి గోడల మధ్యే తలదాచుకున్నాయి. కుడి లేదు, ఎడమ లేదు. అందరికీ ఒకటే కుండ అంబలి. జానమ్మ పోస్తుంటే నేను మూడేసి ముంతలు తాగేవాణ్ని. సెప్టెంబరులో యూనియన్ మిలిటరీ వచ్చింది. భయం పోయింది. భయంతోపాటు ఆ కుండా పోయింది. మళ్లీ ఎవరి వైపు వాళ్లు సర్దుకున్నారు.

అక్టోబరులో ఒక ఆదివారం పాస్టరు అయ్యగారికి గొంతు పట్టేసి, ప్రసంగం నన్ను చెప్పమన్నారు. దేవుని ముందు మనమంతా ఒక్కటే అనే సంగతి ఎత్తుకుని గంటసేపు దంచాను. జనం కళ్లు తుడుచుకోవడం చూసి పొంగిపోయాను. అందులో సగం మంది నిద్ర లేచి తుడుచుకున్నారని తర్వాత తెలిసింది.

బయటికి వస్తుంటే జానమ్మ ఎదురైంది. మాదిగవాడ గురవయ్య కూతురు, మిషను దవాఖానలో కట్లు కట్టే పని. ఆమె కళ్లు పెద్దవని అందరూ అనేవారు. నన్ను తిప్పలు పెట్టింది మాత్రం ఆ కళ్లలో ఎప్పుడూ ఉండే నవ్వు.

"మంచిగ చెప్పినవ్ పంతులూ. గొంతు ఎండుకపోయుంటది. మా ఇల్లు గదే, జర మంచినీళ్లు తాగిపో."

చుట్టూ మావాళ్లు. మా నాయిన బుచ్చయ్య, మా వాడ పెద్ద, పది అడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు.

"దూప లేదు," అన్నాను. అనగానే దగ్గు వచ్చింది. ఆగకుండా వచ్చింది.

"గంటసేపు మాట్లాడినవ్, దూప లేదా?" జానమ్మ కళ్లలో నవ్వు అలాగే ఉంది, గొంతులో మాత్రం లేదు. "రజాకార్లు ఉన్నప్పుడు మా చేతి అంబలి తాగిన నోరే గదా? సర్కారు మారంగనే నీ నోరు గూడ మారిందా?"

వెళ్లిపోయింది. నేను దగ్గుతూ నిలబడ్డాను.

ఆ వారమంతా నిద్ర లేదు. చదువుకున్నవాణ్ని గనక దానికొక ఉపాయం ఆలోచించాను. ఐక్యత కమిటీ వేశాను. పేర్లు అందంగా కాగితం మీద రాసుకుని దవాఖానకు వెళ్లి జానమ్మకు చూపించాను.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. "నలుగురూ మీ వాడోళ్లేనా?"

"మొదటి మీటింగు గదా... మీవాళ్లను తర్వాత పిలుద్దామని..."

"మీకు మీరే కూసొని ఒక్కటైతరా? అయితే మాతోని ఏం పని?" అని కాగితం తిరిగి ఇచ్చేసింది. ఆ కమిటీ అక్కడే చచ్చిపోయింది.

ఇంతలో గురవయ్య పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లి మాట తేల్చేశాడు. "క్రిస్మస్ దాంక చూస్తం అయ్యగారూ. గా దినం గూడ గిన్నెలు రెండే ఉంటే, మా వాడల మేమే గుడిసె ఏస్కొని ప్రార్థన చేస్కుంటం." అయ్యగారు మంచివారు. మంచివారికి ఉండే భయాలన్నీ ఆయనకు ఉన్నాయి.

సంఘం రెండు ముక్కలు కాబోతోంది. జానమ్మను ఇక ఆదివారాలు కూడా చూడలేను. ఈ రెంటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది రెండోదేనని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

ఒక మిట్టమధ్యాహ్నం, జనమంతా చేలల్లో ఉన్న వేళ చూసుకుని, గురవయ్య ఇంటి ముందు నిలబడ్డాను. "జానమ్మా, దూపైతాంది. మంచినీళ్లు ఇయ్యి."

ఆమె వాకిట్లోకి వచ్చి నన్ను చూడలేదు. అటూ ఇటూ వాడ అంతా చూసింది. "ఎవరూ లేని యాళ్ల చూస్కొని వచ్చినవా?"

నేను చాచిన దోసిలి వెనక్కి తీసుకున్నాను.

"మా నీళ్లు దొంగతనంగ తాగేటియి కావు పంతులూ. ఎవరి ముంగట వద్దన్నవో వాళ్ల ముంగట తాగు."

క్రిస్మస్ ఆరాధనలో సంస్కారం వేళ అయింది. నేను కుడివైపు నుంచి లేచాను. ధైర్యంగా నడిచి వెళ్లానని చెప్పాలని ఉంది. నిజానికి దాదాపు పరుగెత్తి, ఎడమవైపు చేరగానే కూలబడ్డాను. పడింది గురవయ్య పక్కన.

"జాగ మర్చిపోయినవా పంతులూ?" అని ఆయన గొణిగాడు.

"లేదు, గీడనే కూసుంట."

"అయితే కాళ్లు ముడుసుకో. సగం నా మీదనే కూసున్నవ్."

అయ్యగారు రెండు గిన్నెలు పట్టుకుని నా వంక చూశారు. మా నాయిన వంక చూశారు. తర్వాత ఒక గిన్నెలోది రెండో గిన్నెలో పోసేశారు. కొంచెం బల్ల మీద ఒలికింది. ఆ ఒక్క గిన్నెలోంచి గురవయ్య తాగాడు, నేను తాగాను. నా తర్వాత గిన్నె కుడివైపుకు పోయేసరికి మా నాయిన లేచి బయటికి నడిచాడు. మావాళ్లు సగం మంది ఆయన వెంట వెళ్లారు.

ఇంటికి వెళితే నా ట్రంకుపెట్టె వాకిట్లో ఉంది. అయ్యగారి వరండాలో కాపురం పెట్టాను.

జనవరిలో జానమ్మ పాలమూరు నర్సు ట్రైనింగుకు పోతున్నదని తెలిసింది. ఏడాది ఉండాలట. మూడో రోజు కాలం కాని కాలంలో వాన. తడిసి ముద్దై దవాఖాన చూరు కిందికి పరుగెత్తాను. ఆమె అక్కడ కూర్చుని కట్టుగుడ్డలు చుడుతోంది.

"జానమ్మా, మనం పెండ్లి చేస్కుంటే రెండు వాడలు ఒక్కటైతయి. సంఘానికి శాన మేలు..."

"ఆగు." చుడుతున్న చేయి ఆగింది. "నేను నీకు కావాల్నా, సంఘానికి కావాల్నా?"

"గట్ల కాదు..."

"నన్ను చూపిచ్చి ఇంకో ప్రసంగం చెప్తవా? గవన్నీ చర్చిల చెప్పు. నాతోని నీ మాట చెప్పు."

నాకున్న మాటలన్నీ ప్రసంగం మాటలే. ఒక్కటీ పనికి రాలేదు. తల నుంచి నీళ్లు కారుతుండగా చివరికి ఇలా అన్నాను. "నిన్న బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసిన. పిల్లలు నవ్విన్రు. తుడిచి మళ్ల యాభై నాలుగే రాసిన. నువ్వు పోతున్నవని తెల్సినసంది నా బుద్ధి నా దగ్గర లేదు."

ఆమె చేతిలోని కట్టుగుడ్డ చివరిదాకా చుట్టి పక్కన పెట్టింది.

"యాభై ఆరు," అంది జానమ్మ.

"ఆఁ?"

"ఏడెనిమిదులు యాభై ఆరు. దవాఖానల గోళీలు నేనే లెక్కపెడ్త గదా." అని తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వు నన్ను వెక్కిరించడానికి కాదని మొదటిసారి తెలిసింది. "మీ నాయినతోని నేనే మాట్లాడ్త. నిన్ను పంపితే కమిటీ ఏస్కొని వస్తవ్."

మర్నాడు పొద్దున్నే వెళ్లింది. నేను ఆమె వెనక, ఆమె కొంగు చాటున దాక్కోలేదన్న మాటే గానీ అంత పనీ చేశాను. నాయిన వాకిట్లో పగ్గం పేనుతున్నాడు.

"పెద్దయ్యా, నీ కొడుకు నన్ను అడిగిండు. నాకూ ఇష్టమే. నీకు వద్దనిపిస్తే నా మొఖం చూసి చెప్పు. మళ్ల గీ వాకిట్ల అడుగు పెట్ట."

నాయిన పగ్గం కింద పెట్టాడు. "రజాకార్ల భయానికి చర్చిల ఉన్నప్పుడు మా అమ్మ పోయింది. నేను బయట కావలి ఉన్న. ఆమె తల ఎవరి ఒళ్లె ఉండె?"

జానమ్మ తన చేతుల వంక చూసుకుంది.

"నీ ఒళ్లె ఉండె. నోట్ల ఆఖరి నీళ్లు నువ్వే పోసినవ్. అన్నీ సర్దుకున్నంక నేను నిన్ను పలకరియ్య గూడ లేదు." ఆయన తల ఎత్తి ఆమె వంక చూశాడు. "నీ మొఖం చూసి ఎట్ల వద్దనాలె?"

నేను తల వంచుకున్నాను. అవ్వ సంగతి నాకూ తెలుసు. ఐక్యత మీద గంటసేపు మాట్లాడినవాణ్ని, ఆ ముక్క నా ప్రసంగంలో లేదు. మూడు నెలలు నన్ను దెప్పిన జానమ్మ కూడా ఆ మాట ఒక్కసారైనా ఎత్తలేదు.

ఆమె ట్రైనింగు ముగించుకుని వచ్చాక మా పెండ్లి అయింది. ఊరంతా ఒక్కటైందని చెబితే అబద్ధం. గురవయ్య గుడిసె మాట మానేశాడు. చర్చిలో గిన్నె ఒక్కటే మిగిలింది. లేచిపోయిన మావాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, కొందరు రానేలేదు. నాయిన మాత్రం పెండ్లికి వచ్చి గురవయ్య పక్కన కూర్చుని, ఒకే బంతిలో తిన్నాడు.

చేయి కడుక్కుని జానమ్మ దగ్గరికి వచ్చాడు. "వీనికి మాటలెక్కువ బిడ్డా. పని నువ్వే చూస్కోవాలె."

"ఎరుకే మామా," అంది జానమ్మ.

నా గుండె నిండిపోయింది. అందరికీ కృతజ్ఞతగా నాలుగు మాటలు చెబుదామని లేచి గొంతు సవరించుకున్నాను.

"కూసో," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

కూర్చున్నాను.