అది పాడితే నేను నీళ్ళు పోయను

ఆ శుక్రవారం పొద్దున యోర్దాన వంటింట్లో జున్ను పెట్టి కాల్చే బానిత్సా కోసం పిండి పల్చగా సాగదీస్తూ, రేడియోలో వస్తున్న జానపద పాటకి తప్పులు ఎంచుతోంది. డెబ్బై దాటినా ఆవిడ గొంతు గొంతే. సర్కారు మేళంలో ముప్పై ఏళ్ళు ముందు వరసలో నిలబడి పాడిన మనిషి. మా చిర్పాన్‌లో ఆవిడ ఎదురుపడితే మగవాళ్ళు ఇప్పటికీ టోపీ తీస్తారు. ఆ గౌరవం తనకి దక్కాల్సిందేనని ఆవిడకీ గట్టి నమ్మకం.

సాయంత్రం మనవరాలు బిల్యాన స్కూలు చదువు ముగిసిన విందుకి వెళ్ళాలి. మా వైపు ఆ సాగనంపడం పెళ్ళికేమీ తీసిపోదు. వీధి వీధంతా పూలు పట్టుకుని గేటు ముందుకి వచ్చేస్తుంది. వాద్యాల వాళ్ళు వాయిస్తుంటే పిల్ల కొత్త గౌనులో గుమ్మంలోకి వస్తుంది. అప్పుడు ఇంటి పెద్దావిడ రాగి చెంబుతో దాని ముందు నీళ్ళు పోస్తుంది, దాని దారి నీళ్ళలా సాఫీగా సాగిపోవాలని. ఆ తడి మీద అడుగు వేసి పిల్ల బయల్దేరితే, పెద్దావిడే చేతిరుమాలు ఊపుతూ హోరో ఆట మొదలుపెడుతుంది. అందరూ చేతులు కలిపి వెనక నడుస్తారు.

తలకి రోలర్లు చుట్టుకుని వంటింట్లోకి వచ్చిన బిల్యాన, గట్టిగా ఊపిరి పీల్చుకుని సంగతి చెప్పేసింది. మిల్కన అత్త వస్తోందట. గేటు దగ్గర పాడమని తనే అడిగిందట.

యోర్దాన చేతిలో పిండి చిరిగింది.

మిల్కన ఆవిడ కూతురే. చాల్గా పాటల మిల్కన అంటే ఈ దేశంలో తెలియనివాళ్ళు లేరు. బంగారు రంగు జుట్టు, తొడ దాకా చీలిన గౌన్లు, దరువు మీద దరువు, మొగుణ్ణి వదిలేసి నవ్వుకునే ఆడదాని పాటలు. సగం మంది ఆమె పాట మోగకపోతే పెళ్ళి పెళ్ళే కాదంటారు. మిగతా సగం అది వినపడగానే కిటికీలు మూసుకుంటారు. నన్నడిగితే, మూసుకున్న వాళ్ళకి కూడా మాటలన్నీ నోటికి వచ్చు. మిల్కన ఈస్టర్‌కి వస్తుంది, తింటుంది, తల్లిని ముద్దు పెట్టుకుని వెళ్ళిపోతుంది. ఆమె పాట మాత్రం ఆ ఇంటి గడప తొక్కింది లేదు.

"అది నా గేటు ముందు నోరు తెరిస్తే నేను నీళ్ళు పోయను," అంది యోర్దాన.

బిల్యాన మొహం పాలిపోయింది. నాన్నమ్మ ఇంట్లో బతికుండి నీళ్ళు పోయలేదంటే వీధి ఏమనుకుంటుంది? శాపం పెట్టి పంపింది అనుకుంటుంది. ఆ మాట పిల్లని జన్మంతా వెంటాడుతుంది. యోర్దానకి అది తెలియక కాదు, తెలిసే అంది.

బిల్యాన తండ్రి ఓగ్న్యాన్ లారీ నడుపుతాడు, గొడవలంటే భయం. పెరట్లోకి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశాడు. మామూలు బట్టలు వేసుకొచ్చి, ఏదో ఒక పాత పల్లెపాట పాడేస్తే అమ్మ ఊరుకుంటుందని బతిమాలాడు. మిల్కన అంతా విని, "అన్నయ్యా, నీ లారీలో పొద్దస్తమానం మోగేది నా పాటేగా. అమ్మ ముందుకొచ్చేసరికి నాకు ముసుగెయ్యాలా?" అంది.

మధ్యాహ్నానికి మిల్కన దిగింది. ఎర్ర గౌను, దాని నిండా బంగారు పూసలు. పెరటి మట్టిలో హీల్స్ కూరుకుపోతుంటే చెప్పులు చేత పట్టుకుని, వట్టి కాళ్ళతో నేరుగా వంటింట్లోకి నడిచింది.

తల్లి కింది నుంచి పైదాకా చూసి, ఆ బట్టలతోనేనా అని అడిగింది.

"ఇవి నా పని బట్టలమ్మా. నీకు కుట్టుపని రవిక, నాణేల దండ ఉండేవి. నాకు ఇవి."

ఇక యోర్దాన ఆగలేదు. ఆ రాగం మనది కాదంది. ఆ మాటలు నలుగురిలో అనేవి కావంది. ఆ నడుము తిప్పుడు చూసి చిన్నపిల్లలు చెడిపోతున్నారంది. తను ఊరూరా తిరిగి సంపాదించిన పేరంతా ఒక్క కూతురు బజారుపాలు చేసిందంది. చివరికి, "నువ్వు పాడవు కూడా. పెదాలు కదుపుతావు, పెట్టె పాడుతుంది," అంది.

అన్నిటికీ భుజాలెగరేసిన మిల్కనకి ఆ చివరి మాట మాత్రం తగిలింది. టీవీలో పెదాలు కదిపే మాట నిజమే, అక్కడ అందరిచేతా అదే చేయిస్తారు అని ఒప్పుకుంది. పెళ్ళిళ్ళలో మాత్రం తెల్లారేదాకా సొంత గొంతుతోనే పాడతానంది. ఆ గొంతు ఎవరిచ్చారో తెలిసి కూడా అలా అంటావా అని అడిగింది. యోర్దాన కాల్చిన పెద్ద మిరపకాయల తొక్క తీస్తూ కూర్చుంది.

"నీ మేళం గురించి అమ్మమ్మ ఏమనేది? 'నేను పొలంలో పాడుకున్న పాటని ఉతికి ఇస్త్రీ చేసి స్టేజీ ఎక్కించారే' అనేది. ఆమెకి నచ్చలేదు. అయినా మంచులో బస్సెక్కి వచ్చి నీ పాట వినిపోయేది. నువ్వు నాది ఒక్కటైనా చివరిదాకా విన్నావా?"

"వినక్కర్లేదు. నాకు తెలుసు."

"సరే, నీకు తెలుసు. నేను మాత్రం పాడతాను. నీళ్ళు పోస్తే పొయ్యి, లేకపోతే మానెయ్. నా మీద కోపానికి పిల్లని బెదిరించకు."

తలుపు దగ్గర నిలబడి విన్న బిల్యాన కళ్ళనిండా నీళ్ళు. అత్తని పాడొద్దనడానికి నోరు రాలేదు. నాన్నమ్మని బతిమాలడానికి ధైర్యం చాలలేదు.

సాయంత్రం గేటు ముందు ఇసకేస్తే రాలనంత జనం. క్లారినెట్, అకార్డియన్, డోలు వచ్చేశాయి. ఓగ్న్యాన్ పళ్ళ సారా రకీయా పోస్తూ నవ్వుతున్నాడు గాని కళ్ళు మాత్రం ఇంట్లోకే చూస్తున్నాయి. యోర్దాన బయటికి రాలేదు. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నీళ్ళు నింపిన రాగి చెంబు పక్కన బల్ల మీద ఉంది.

నీలం గౌనులో బిల్యాన గుమ్మంలో నిలబడింది. మిల్కన గేటు దగ్గర పాట ఎత్తుకుంది. మైకు లేదు. తన పాటే, అడ్డూ అదుపూ లేని చాల్గా. నచ్చిన గౌను వేసుకుని, ఎవర్నీ అడక్కుండా గేటు దాటే ఆడపిల్ల పాట. కుర్రకారు ఊగిపోయింది. పెద్దవాళ్ళలో కొందరు భుజాలు కదిలించారు, కొందరు తమ బూట్లు చూసుకుంటూ నిలబడ్డారు. బిల్యాన మాత్రం గుమ్మం దిగలేదు. కాళ్ళ ముందు నేల పొడిగా ఉంది.

అప్పుడు హరలంపి గొంతు లేచింది. ఆయన సంగీతం బడికి పెద్దగా చేసి రిటైరయ్యాడు. యోర్దాన అంటే ప్రాణం పెడతాడు. చేతిలో పూలగుత్తి అలాగే పట్టుకుని, వీధంతా వినేలా అన్నాడు.

"యోర్దాన గొంతు పుట్టిన ఇంటి ముందు ఈ బజారు పాటా? ఆ మహాతల్లికి ఇది కూతురు కాదు, శిక్ష."

క్లారినెట్ ఆగింది. అకార్డియన్ కూడా. డోలు ఒక్కటే ఎటూ తేల్చుకోలేక మెల్లగా మోగుతోంది. మిల్కన ఆపలేదు. హరలంపి మొహంలోకి సూటిగా చూస్తూ, ఆ ఒక్క దరువు మీదే గొంతు ఇంకా పెంచింది.

కిటికీ దగ్గర యోర్దాన చెవిలో ఆ మాట పడింది. పొద్దున్నుంచీ తను అన్నది ఇంచుమించు అదే. ఇంకొకడి నోట వినేసరికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఈ వీధి ఇలా అనడానికి ధైర్యం ఇచ్చింది నేనేనా అనుకుంది. చెంబు అందుకుని లేచింది.

ఆవిడ గుమ్మంలోకి రాగానే జనం సర్దుకుని దారిచ్చారు. తన పక్షానే వచ్చిందనుకుని హరలంపి గౌరవంగా తల వంచాడు.

"హరలంపీ, నా కూతుర్ని తిట్టడానికి నేనున్నాను. నేను కన్నాను. నువ్వెవరివయ్యా?" అంది. "పాట నచ్చకపోతే నీ ఇష్టం. ఆ గొంతు వినపడలేదంటే మాత్రం ఇన్నేళ్ళు నువ్వు బళ్ళో ఏం నేర్పావో నాకు అర్థం కావట్లేదు." తర్వాత వాద్యాల వాళ్ళ వైపు తిరిగి, "మిమ్మల్నెవరు ఆపమన్నారు?" అని గద్దించింది.

క్లారినెట్ ఉలిక్కిపడి అందుకుంది. యోర్దాన వంగి బిల్యాన ముందు నీళ్ళు పోసింది. చెంబు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పోసింది. పిల్ల ఏడుస్తూ, నవ్వుతూ తడి మీద అడుగు వేసింది. కుర్రాళ్ళు ఒకటి నుంచి పన్నెండు దాకా గొంతు చించుకుని లెక్కపెట్టారు, తాము చదివిన తరగతులన్నీ.

యోర్దాన రుమాలు తీసింది. మొదటి రెండు అడుగులు తడబడ్డాయి. మూడో అడుగుకి కాలు దానంతటదే దరువులో పడింది. ఆ పాటకి తన కాలు ఇంత తేలిగ్గా లొంగిపోయినందుకు ఆవిడకి ఒళ్ళుమంటగానే ఉంది. అయినా ఆట ఆపలేదు. ఎర్ర గౌను కూతురి చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించింది.

పిల్ల కారెక్కి వెళ్ళాక, జనం భోజనాల మీద పడ్డాక, తల్లీ కూతుళ్ళు పెరటి బెంచీ మీద కూర్చున్నారు.

"మూడో చరణంలో ఊపిరి మింగేశావు," అంది యోర్దాన.

"అది నా పద్ధతి."

"పద్ధతి కాదే, తప్పు. మళ్ళీ పాడు. చివరిదాకా," అంది.

మిల్కన పాడింది. వాద్యాలు లేవు, జనం లేరు. మూడో చరణం కావాలనే తన పద్ధతిలోనే పాడింది. యోర్దాన తల వంచుకుని మొత్తం వింది. పాట అయ్యేసరికి ఆవిడ చెంపలు తడిసిపోయాయి.

"ఏడుస్తున్నానని నచ్చిందనుకోకు."

"నచ్చాలని పాడలేదమ్మా. వింటావని పాడాను."

యోర్దాన తన పాత ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకుంది. కూతురి వట్టి పాదాలు తన ఒళ్ళోకి లాక్కుని, వాటికంటిన మట్టి దులుపుతూ కూర్చుంది.

"ఇంకోటి పాడు," అంది.