ఐసుబండి వాళ్లమ్మాయి

తెల్లవారింది. నాన్న వాకిట్లో మూడు చక్రాల బండిని కడుగుతున్నాడు. అమ్మ వంటింట్లో టీ మరిగిస్తోంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు చిట్టి మాత్రం అద్దం ముందు నిలబడి, తన కుడిచేతికి ఎడమచేత్తో తనే షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటోంది.

"నమస్తే సార్. రండి సార్. ఇదే మా గోడౌను సార్."

"గోడౌనా? అది నేను బట్టలారేసుకునే షెడ్డే!" అని అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"నువ్విక బట్టలు మేడమీద ఆరేసుకో. అక్కడ కూల్‌డ్రింక్ కేసులు పైకప్పు దాకా పేరుస్తాను చూడు."

"నా మోకాళ్లతో మేడా! బాగానే ఉంది సంబడం," అంటూ అమ్మ టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. మాట పుల్లవిరుపుగా ఉన్నా మొహం మాత్రం వెలిగిపోతోంది.

చిట్టికి నిన్నటి నుంచి కాళ్లు నేలమీద నిలవడం లేదు మరి. ఆ కూల్‌డ్రింక్ పేరు తెలియని పసిపిల్లాడు కూడా ఉండడు. అంత పెద్ద కంపెనీకి ఈ ప్రాంతంలో డిస్ట్రిబ్యూటరుగా ఉన్న పెద్దాయన వయసు మీదపడి వ్యాపారం మానుకున్నాడు. ఆయన దగ్గర ఏళ్లతరబడి లోడు దింపించిందీ, కొట్లు తిరిగిందీ, డ్రైవర్లతో గొంతు చించుకుని పోట్లాడిందీ చిట్టే. వెళ్తూ వెళ్తూ ఆయనే అన్నాడు, "ఇంకెవరికో ఎందుకమ్మా, నువ్వే తీసుకోరాదూ" అని. ఆ మాట చిట్టి చెవిలో జోరీగలా తిరిగి తిరిగి, చివరికి దరఖాస్తు పెట్టించింది. నిన్న సాయంత్రం కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఇక ఒక్క మెట్టే మిగిలింది. రేపు పొద్దున సేల్స్ ఆఫీసరు వచ్చి ఆమెతో బజారంతా తిరుగుతాడు. కంపెనీ ఊరికే ఇచ్చే ఫ్రిజ్ పెట్టుకోవడానికి సగానికి పైగా కొట్లవాళ్లు సరే అంటే డిస్ట్రిబ్యూటర్‌షిప్ చిట్టిది.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతంతా చెప్పినప్పుడు నాన్న ఒక్కటే అడిగాడు.

"ప్రతి కొట్టుకీ ఫ్రిజ్ ఇస్తారా?"

"ప్రతి కొట్టుకీ నాన్నా! పాతాయన ఫ్రిజ్‌ల జోలికే పోలేదు. తొట్టి, తొట్టిలో ఐసు, ఐసులో సీసాలు, అంతే ఆయన వ్యాపారం. ఇప్పుడలా కాదు. గాజు తలుపు, లోపల లైటు, చూస్తేనే దాహం వేస్తుంది!"

"మంచిది," అని నాన్న తలొంచుకుని భోంచేశాడు. ఆయన నోట్లోంచి మాట ఊడిపడటమే గగనం కాబట్టి, చిట్టి దాన్ని నిండు దీవెన కిందే లెక్కేసుకుంది.

"బోర్డు మీద పేరేం రాయిస్తావే?" అని ఇప్పుడు ఖాళీ టీ గ్లాసు అందుకుంటూ అమ్మ అడిగింది.

"అదే తేలడం లేదమ్మా. గ్లోబల్ ఎంటర్‌ప్రైజెస్ ఎలా ఉంది?"

"మన షెడ్డుకా?"

"పేరు ఘనంగా ఉండాలమ్మా. ఎంతకాలమని అందరూ నన్ను ఐసుబండి వాళ్లమ్మాయి అంటారు?"

వాకిట్లో బకెట్టు చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత నాన్న కొట్లకు వేసే ఐసు దిమ్మల కోసం బండి తొక్కుకుంటూ ఐసు ఫ్యాక్టరీ వైపు వెళ్లిపోయాడు.

చిట్టి కాస్త పొద్దెక్కాక ఇస్త్రీ చీర కట్టుకుని బజారుకు బయల్దేరింది. మొదట బేకరీకి వెళ్లింది. బేకరీ బాబాయ్ ఆమెను చిన్నప్పుడు గల్లాపెట్టె మీద కూర్చోబెట్టి బన్ను తినిపించిన మనిషి. ఆయన ఎగిరి గంతేస్తాడనుకుంది. ఆయనేమో బ్రెడ్డు కోస్తూ తలెత్తనైనా లేదు.

"ఫ్రిజ్జా? చూద్దాంలే అమ్మా. చోటు లేదు."

"అదుగో బాబాయ్, ఆ మూల ఖాళీగానే ఉందిగా?"

"ఆ మూల... తుడుచుకోవాలి," అని బాబాయ్ నీళ్లు నమిలాడు.

టీకొట్టు పిన్ని, "మా ఆయన్ని అడగాలి" అంది. ఆ పిన్ని ఏ విషయమైనా మొగుణ్ని అడగడం బజారులో ఎవరూ ఎరుగరు. పళ్లరసం కొట్టాయన దుకాణంలోనే ఉండి లేడనిపించాడు. చెప్పుల కొట్టు పక్కనున్న కిళ్లీ కొట్టాయన మాత్రం నిష్ఠూరంగా నవ్వి, "పెద్దదానివయ్యావమ్మా, బాగానే పెద్దదానివయ్యావు" అన్నాడు. పొగిడాడో పొడిచాడో చిట్టికి అర్థం కాలేదు.

ఆ కొట్టు మెట్లు దిగుతుంటే ఎదురు వరుసలో నాన్న కనిపించాడు. భుజం మీద తడి గోనెసంచితో, కిరాణా కొట్టాయన చెవిలో ఏదో చెబుతున్నాడు. నోరు విప్పడమే బరువనుకునే మనిషి! కిరాణా ఆయన దూరం నుంచే చిట్టిని చూసి మొహం తిప్పుకున్నాడు. చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నుంచీ తను వెళ్లిన ప్రతి కొట్టు ముందూ నేల తడిగా ఉంది. తనకంటే ముందు ఐసుబండి ఆగి వెళ్లింది!

మధ్యాహ్నం ఇంట్లో అడుగుపెడుతూనే చేతిసంచి విసిరికొట్టింది.

"అందరికీ ఏం చెప్పావు నాన్నా?"

భోంచేస్తున్న నాన్న చెయ్యి ఆగింది. "ఎవరికి?"

"బేకరీ బాబాయ్‌కి, టీకొట్టు పిన్నికి, ఆ కిరాణా ఆయనకి! ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవాళ్లు ఇవాళ నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు. ఒక్కరంటే ఒక్కరు ఫ్రిజ్ పెట్టుకుంటామనలేదు. నాకంటే ముందు నువ్వు వెళ్లి ఏదో చెప్పావు. అవునా, కాదా?"

"అవును. చెప్పాను."

అబద్ధమైనా ఆడతాడనుకుంది చిట్టి. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఇష్టం లేకపోతే నిన్న రాత్రి నా మొహం మీదే చెప్పొచ్చుగా! 'మంచిది' అని నా ముందు తలూపి, వెనకనుంచి గోతులు తవ్వుతావా? కూతురు బాగుపడితే నీకేం పోయింది నాన్నా?"

"నోర్ముయ్యి!" అమ్మ గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చేసింది. "ఏమండీ, మీరైనా చెప్పండి. లేకపోతే నేను చెప్పేస్తాను!"

నాన్న కంచం పక్కకు జరిపాడు.

"వచ్చే నెల నుంచి ఐసు వెయ్యనని చెప్పాను. నడుం సహకరించడం లేదు, ఇక మానేస్తున్నాను, మా అమ్మాయి ఫ్రిజ్‌లు ఇస్తుంది, పెట్టుకోండి అన్నాను. అంతే."

"నడుముకేమయింది? అయినా ఐసు మానెయ్యడమెందుకు?"

"నడుముకేమీ కాలేదు. ఫ్రిజ్ ఉన్న కొట్టుకి ఐసెందుకే?" అన్నాడు నాన్న. చిన్నప్పుడు లెక్కలు చెప్పినంత నెమ్మదిగా అన్నాడు.



చిట్టి నిన్నటి నుంచి ఎన్ని లెక్కలు వేసింది! వ్యాన్లు, కేసులు, షెడ్డు తలుపు వెడల్పు, చివరికి బోర్డు రంగు కూడా. కానీ కొట్టులోకి ఫ్రిజ్ వస్తే తొట్టి బయటికి పోతుందనీ, తొట్టితో పాటు నాన్న పోతాడనీ ఆమె బుర్రకు తట్టనే లేదు. ఆ ఐసే తనకు తిండి పెట్టింది, చదివించింది. ఆ బండి ముందు పలక మీద కూర్చునే తను బడికి వెళ్లింది. గౌను వెనకంతా తడిసిపోతే పిల్లలు నవ్వేవాళ్లు. ఆ నవ్వులే గుర్తుపెట్టుకుంది గానీ, దారి పొడవునా ఒంటి చేత్తో బండి నడుపుతూ రెండో చేత్తో తనను పడకుండా పట్టుకున్న మనిషిని మరిచిపోయింది.

అమ్మ కూతురి దగ్గరికి వచ్చింది. "నువ్వు రాత్రి గాజు తలుపు, లైటు అని చెబుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. నేనేదో అనబోతే, వద్దని కళ్లతోనే వారించారు. దాని సంతోషం చెడగొట్టకు అని."

"కొట్లవాళ్లు నా మొహం చూసి మొహమాటపడతారే," అన్నాడు నాన్న. "నేనే తప్పుకుంటే నీకు దారి సులువవుతుందనుకున్నాను."

చిట్టికి ఇప్పుడు అంతా బోధపడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "సులువా? నాన్నా, వాళ్లేమనుకున్నారో తెలుసా? కూతురు పెద్ద కంపెనీని వెంటేసుకొచ్చి తండ్రిని బజార్లోంచి గెంటేస్తోంది అనుకున్నారు! అందుకే ఒక్కొక్కరూ నన్ను అలా చూశారు."

నాన్న తెల్లబోయాడు. "అలా అనుకున్నారా? నేను నీ గురించి ఎంత గొప్పగా చెప్పాననుకున్నావు!"

"ఇద్దరికిద్దరూ సరిపోయారు," అని అమ్మ గరిటెతో నుదురు కొట్టుకుంది. "ఒకరు నోరు విప్పరు, ఒకరు నోరు మూయరు. మధ్యలో నా ప్రాణం తీస్తున్నారు."

చిట్టి వచ్చి నాన్న పక్కన నేలమీద కూలబడింది. చల్లగా, గరుకుగా ఉన్న ఆయన ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు ఐసు మానడానికి వీల్లేదు నాన్నా."

"మరి ఎవరికి వెయ్యను?"

"నాకు వెయ్యి. ఫ్రిజ్‌కి కాళ్లు లేవు కదా."

"కింద నాలుగుంటాయి కదే?" అంది అమ్మ.

"అబ్బా, అమ్మా! నడిచే కాళ్లు! ఆటలు జరిగే మైదానానికి ఫ్రిజ్ వస్తుందా? బస్టాండు చివరికి వస్తుందా? పెళ్లిళ్లకి, మీటింగులకి అంతమంది తాగే సీసాలు ఏ ఫ్రిజ్‌లో పడతాయి? అక్కడ తొట్టి కావాలి, ఐసే కావాలి, నాన్న బండే కావాలి. పాతాయన కొట్లు దాటి ఎప్పుడూ బయటికి పోలేదు. నేను పోతాను. నువ్వు లేకుండా ఎలా పోను నాన్నా?"

నాన్న ఆలోచనలో పడ్డాడు. గడ్డం గోక్కున్నాడు.

"జీతమిస్తానంటే మాత్రం రాను."

"జీతం ఎవరిస్తానన్నారు? ఐసు కొంటాను. అందరిలాగే."

"అరువు లేదు."

"అడిగానా?"

"ముందే చెబుతున్నా. సొంత కూతురైనా సరే, అరువు లేదు," అని నాన్న ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు విని అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మర్నాడు పొద్దున బజారు ఒక వింత చూసింది. ఐసుబండి వస్తోంది. ముందు పలక మీద, ఇస్త్రీ చీర కుచ్చిళ్లు ఒళ్లోకి ఎత్తుకుని, ఎదిగిన చిట్టి కూర్చుని ఉంది. బండి బరువుకు నాన్న ఆయాసపడుతూ, "చిన్నప్పుడే నయమే, ఇంత బరువు లేవు" అని సణుగుతున్నాడు. బేకరీ ముందు సూటు వేసుకున్న సేల్స్ ఆఫీసరు చిట్టిని కారులోనో స్కూటరు మీదో ఊహించుకుంటూ వీధి చివరికి చూస్తున్నాడు. ఐసుబండి దిగి "నమస్తే సార్" అన్న మనిషిని చూసి తడబడ్డాడు. చిట్టి అద్దం ముందు అంత సాధన చేసిన షేక్‌హ్యాండు ఊసే మరిచిపోయింది.

బేకరీ బాబాయ్ బయటికొచ్చాడు. చిట్టిని చూడకుండా నాన్ననే అడిగాడు.

"ఏమయ్యా, ఇంట్లో కూర్చుంటానన్నావు?"

"కూర్చుందామనే అనుకున్నాను," అన్నాడు నాన్న. "మా డిస్ట్రిబ్యూటరు ఒప్పుకోలేదు."

బాబాయ్ తండ్రిని చూశాడు, కూతుర్ని చూశాడు, బండి పలక మీది గోనెసంచి మడతను చూశాడు. అది తడి తగలకుండా కూతురి కింద వేసిన మడత. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"అయితే ఆ ఫ్రిజ్‌కి లోపల లైటుంటుందా?"

"ఉంటుంది బాబాయ్!"

"మరి నిన్ననే చెప్పవేం! ఆ మూల ఎప్పుడో తుడిచేశాను."

అంతే, కబురు బండికంటే ముందు పరిగెత్తింది. టీకొట్టు పిన్ని మొగుణ్ని అడక్కుండానే, "బేకరీకి ముందిచ్చి నాకు వెనక ఇస్తే ఊరుకోను" అని రోడ్డు మీదకొచ్చి తగువు పెట్టుకుంది. పళ్లరసం కొట్టాయన ఇవాళ దుకాణంలో ఉన్నాడు. కిళ్లీ కొట్టాయన చిట్టి నెత్తిమీద చెయ్యిపెట్టి, "తప్పుగా అనుకున్నానమ్మా" అన్నాడు. ఆఫీసరు కొట్టుకొట్టుకీ రాసుకోలేక, మధ్యలో పెన్ను విదిలించుకున్నాడు. చిట్టికి గట్టిగా కేకెయ్యాలనిపించింది. బజారు నడిమధ్యలో నిలబడి నిజంగానే ఒక కేక వేసింది కూడా.

"సరే మేడమ్, మా వైపు నుంచి ఖాయం," అని ఆఫీసరు నవ్వాడు. "బోర్డు రాయించాలి. ఏజెన్సీకి ఏం పేరు పెట్టారు?"

చిట్టి ఆలోచించుకోలేదు.

"ఐసుబండి ఏజెన్సీస్."

"ఐసు...?"

"బండి. ఐసుబండి. ఇక్కడ ఎవర్నడిగినా ఆ పేరే చెబుతారు సార్."

 చిట్టి వెనక్కి తిరిగి చూసింది. నాన్న గోనెసంచి అంచుతో కళ్లు గట్టిగా రుద్దుకుంటున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదే. ఐసు నీళ్లు చిందాయి."

ఐసుపెట్టె మూత వేసే ఉంది. చిట్టి ఆ మూతను చూసింది. తన చీర కొంగు తీసి ఆయన మొహం తుడిచింది.