పీతాంబరానికి నీలం రంగు

అంకప్ప ఇంట్లో అడుగుపెడుతూనే శంకరన్ అన్న మాట కొంప ముంచింది. సినిమాలో కృష్ణుడు కట్టే పీతాంబరం లేత నీలంలో నేయాలట!

అంకప్ప గుడియాత్తంలో పేరున్న నేతగాడు. మగ్గం ఆపి, ఎవరు నాయనా నువ్వని అడిగాడు. శంకరన్ వేలూరు కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు. లత్తేరిలో వాళ్లదీ మగ్గాల ఇల్లే. విశ్వరూపం వెలుగు ఎంతుంటుందో లెక్కగట్టాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆ పిచ్చి సంగతి విని మద్రాసు సినిమా కంపెనీ వాళ్లు దీపాల ఏర్పాటు చూడమని పిలిచారు.

"పీతాంబరమంటేనే పసుపు. సామి గుడ్డకు రంగు మార్చేదానికి నువ్వెవురు?" అన్నాడు అంకప్ప.

తెర మీద ఉండేది నలుపూ తెలుపే కదా, అంత వెలుగులో పసుపు తెల్లగా వెలిసిపోయి మడతలు కూడా కనబడవని శంకరన్ ఎంత చెప్పినా ఆయన వినలేదు. పడుగుకు గంజి పెడుతున్న కూతురు కాంచన మాత్రం నవ్వింది.

"అర్జునుడికే వేరే కండ్లు ఇస్తేగాని ఆ రూపం కనపడలేదంట సార్. మీరు నీలం గుడ్డతో చూపిస్తారా?"

శంకరన్ ఇన్నేళ్ల లెక్కల్లో ఈ ప్రశ్న రానేలేదు మరి. ఆ నవ్వు మాత్రం సూటిగా తగిలింది పాపం.

మరుసటి ఆదివారం జోరువానలో మళ్లీ వచ్చాడు. కెమెరా వాళ్లు రంగులు తీసేసి చూసుకునే గాజుముక్క ఒకటి తెచ్చి ఆమెకిచ్చాడు. కాంచన పసుపు నూలునూ నీలం నూలునూ అందులోంచి చూసింది. ఆయన చెప్పిందే నిజం. తర్వాత, పని లేకపోయినా, శంకరన్ వైపు తిప్పింది.

"రంగు లేకపోయినా బాగానే ఉండారు" అంది.

కాంచన రెండు రోజులు బతిమాలితే అంకప్ప తన చేత్తోనే నూలుకు నీలం వేశాడు, ముఖం ముడుచుకునే. గుడ్డ పూర్తయ్యేదాకా ప్రతి ఆదివారం శంకరన్ అక్కడే. కొత్త ఆంధ్ర రాష్ట్రానికి ఎల్లలు ఎక్కడ పడతాయో, వేలూరు ఎటు పోతుందో అని ఊరంతా మాట్లాడుకుంటుంటే, ఆయనకు కాంచన తనకు దక్కుతుందా లేదా అన్నదే బెంగ. చివరికి ధైర్యం చేసి అంకప్పను అడిగేశాడు.

"సామి గుడ్డకే రంగు మార్చినోడివి. నీకెట్ల నమ్మి బిడ్డనిచ్చేది? ఆ సినిమా రానీ. చూసి చెప్తా."

సినిమా గుడియాత్తం డేరా టాకీసుకు వచ్చింది. మొదటి ఆటకు ఇసుకలో అంకప్ప పక్కన శంకరన్, ఆడవాళ్ల వైపు కాంచన. విశ్వరూపం వచ్చింది. తెరంతా వెలుగు, ఆ వెలుగులో పీతాంబరం మడత మడతా కనబడింది. ఎవరో కర్పూరం వెలిగించారు. అంకప్ప చేతులు జోడించాడు, కళ్లు తుడుచుకున్నాడు.

"పచ్చటి పసుపు నాయనా" అన్నాడు.

శంకరన్ ఊరుకుంటే పెళ్లయిపోతుంది. కానీ ఊరుకోలేకపోయాడు.

"నీలమే కదా పెద్దాయనా."

"రంగేసినోణ్ణి, నాకు తెలీదా? అయినా నా కండ్లకు పసుపే కనిపించినాది. అబద్ధం చెప్పలేదు నువ్వు, అది చాలు. మీ అమ్మను తీసుకొని రా."

శంకరన్ ఆడవాళ్ల వైపు తిరిగాడు. ఊరంతా తెరకు దండం పెడుతుంటే, కాంచన గాజుముక్క కంటికి పెట్టుకుని ఆయననే చూస్తూ ఉంది.